పోలిడోకనాలా, టెట్రాడెసిలా? కాళ్లలో ఉబ్బిన సిరలకు ఇచ్చే ఇంజక్షన్ల గురించి

గౌతమి
జూన్ 9

సభ్యులందరికీ నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినిని, వయసు 46. ఇరవై రెండేళ్లుగా రోజుకు అయిదారు గంటలు నిలబడి పాఠాలు చెబుతున్నాను. రెండో కాన్పు తరువాత ఎడమ పిక్క మీద కనిపించడం మొదలైన మెలికల సిర ఇప్పుడు చిటికెన వేలంత లావైంది. తొడ వెలుపలి వైపు ఊదారంగు దారాలు సాలెగూడులా అల్లుకున్నాయి. సాయంత్రానికి కాలు రాయిలా బరువెక్కుతుంది, రాత్రి పిక్క పట్టేస్తుంది.

ఒక వైద్యుడు పోలిడోకనాల్ ఇంజక్షన్ చేస్తే సరిపోతుందన్నారు. మరొకరు సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్ బలమైనదని, అదే చేయించుకోమని చెప్పారు. ఈ రెండింటిలో ఏది మంచిది? అసలు సిరలోకి మందు ఎక్కించి దాన్ని మూసేస్తే, ఆ రక్తం ఎటు పోతుంది? అనుభవమున్నవారు, విషయం తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

శల్య
జూన్ 9

గౌతమి గారూ, నేను హైదరాబాదులో రక్తనాళాల శస్త్రవైద్యుడిగా పనిచేస్తున్నాను. మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవారిలో చాలామందిని ఆ భయమే వెనక్కు లాగుతుంది.

కాలి నుంచి గుండెకు తిరిగి వెళ్లే రక్తంలో సుమారు తొంభై శాతాన్ని కండరాల మధ్య ఉండే లోతు సిరలే మోసుకుపోతాయి. చర్మం కింద ఉండే పై సిరల వాటా పది శాతం మాత్రమే. ఉబ్బిన సిరలో కవాటాలు, అంటే రక్తాన్ని పైకి మాత్రమే పోనిచ్చే చిన్న తలుపులు, పాడై ఉంటాయి కాబట్టి, అది ఆ కొద్దిపాటి పనిని కూడా చేయదు. పైకి వెళ్లవలసిన రక్తం దానిలోంచి కిందికి జారి, చీలమండ దగ్గర ఒత్తిడి పెంచి, మళ్లీ లోతు సిరల్లోకి చేరి తిరిగి పైకి ప్రయాణం మొదలుపెడుతుంది. అటువంటి సిరను మూసివేస్తే రక్తానికి దారి పోదు, వృథా తిరుగుడు ఆగుతుంది.

మందుల విషయానికి వస్తే, మీరు పేర్కొన్న రెండూ ఒకే జాతివి. సబ్బు జిడ్డును విడదీసినట్టు ఇవి సిర లోపలి గోడకు పొరలా ఉండే కణాల పైతొడుగును దెబ్బతీస్తాయి. లోపలి పొర ఊడిన గోడలు ఒకదానికొకటి అంటుకుంటాయి, తరువాతి వారాల్లో ఆ సిర పీచుదారంగా మారుతుంది, కొన్ని నెలల్లో శరీరం దాన్ని చాలావరకు ఇముడ్చుకుంటుంది. ఒకే గాఢతలో పోలిస్తే టెట్రాడెసిల్ రెండు మూడు రెట్లు బలమైనది. అయితే బలం ఎక్కువగా ఉండటం ప్రతిచోటా మేలు కాదు. దారమంత సిరకు అవసరానికి మించిన బలం ఇస్తే మందు గోడను దాటి చర్మాన్ని కాలుస్తుంది. లావుపాటి సిరకు తక్కువ బలం ఇస్తే అక్కడ గడ్డ కట్టి, కొన్ని నెలలకు సిర మళ్లీ తెరుచుకుంటుంది.

కాబట్టి నేను మిమ్మల్ని అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: నిలబెట్టి డాప్లర్ స్కాన్ (రక్తం ఏ దిశలో నడుస్తోందో చూపే అల్ట్రాసౌండ్) చేశారా?

గౌతమి
జూన్ 10

లేదండీ. ఇద్దరు వైద్యులూ కంటితో చూసి, చేత్తో తడిమి చెప్పారు. ఒకచోట పడుకోబెట్టి స్కాన్ చేశారు గాని, అది రక్తం గడ్డలేమైనా ఉన్నాయేమో చూడటానికి అన్నారు.

మైన్ తీరం
జూన్ 10

నేను ఫ్రాంక్‌ఫర్టులో నర్సుగా పనిచేస్తున్న ఏలూరు అమ్మాయిని. ఇక్కడి సిరల చికిత్సా విభాగంలో ఎనిమిదేళ్లుగా ఉన్నాను. పోలిడోకనాల్ పుట్టిల్లు జర్మనీయే కాబట్టి దాని కథ కొంత చెబుతాను.

1930ల్లో దీన్ని తయారుచేసింది సిరల కోసం కాదు, స్థానికంగా మత్తు ఇచ్చే మందుగా. సూది వేసినచోట చిన్న రక్తనాళాలు మూసుకుపోతున్నాయని తరువాత గమనించారు, మత్తుమందుగా అది దోషమే. ఆ దోషాన్నే గుణంగా మార్చుకుని 1960ల నుంచి ఉబ్బిన సిరలకు వాడటం మొదలుపెట్టారు. ఆ మత్తు గుణం ఇప్పటికీ దానిలో ఉంది కాబట్టే పోలిడోకనాల్ ఇంజక్షన్ పెద్దగా నొప్పి పెట్టదు. అమెరికాలో మాత్రం క్రమం తిరగబడింది. అక్కడ టెట్రాడెసిల్‌కు 1946లోనే అనుమతి ఉండగా, పోలిడోకనాల్‌కు 2010 మార్చిలో గాని రాలేదు. 1 మిల్లీమీటరు లోపు సాలెగూడు సిరలకు 0.5 శాతం ద్రావణం, 1 నుంచి 3 మిల్లీమీటర్ల సిరలకు 1 శాతం ద్రావణం అని ఆ అనుమతి స్పష్టంగా చెబుతుంది.

మా విభాగంలో మేము కచ్చితంగా పాటించే ఒక లెక్క ఉంది. రోజుకు శరీర బరువులో కిలోకు 2 మిల్లీగ్రాములకు మించి పోలిడోకనాల్ ఇవ్వరాదు. 60 కిలోల మనిషికి అది 120 మిల్లీగ్రాములు. 3 శాతం ద్రావణంలో మిల్లీలీటరుకు 30 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి, 4 మిల్లీలీటర్లతోనే ఆ పరిమితి నిండిపోతుంది. ఈ కారణంగానే రెండు కాళ్లనూ ఒకే రోజున పూర్తిచేయమని తొందరపెట్టేవారికి నేను ఓపికగా నచ్చజెబుతుంటాను.

వాసు ఫార్మసీ
జూన్ 10

మైన్ తీరం గారు చెప్పిన శాతాల విషయం మీద మన ప్రాంతానికి సంబంధించి ఒక మాట చేర్చాలి. నేను గుంటూరులో ఆసుపత్రి ఫార్మసిస్టును.

మన దగ్గర ఈ మందులు ఎక్కువగా 3 శాతం గాఢతతోనే చేతికి వస్తాయి. అంటే సన్న సిరలకు వాడేటప్పుడు ఎవరో ఒకరు సెలైన్ కలిపి పలుచన చేయాలి. 3 శాతం పోలిడోకనాల్ 1 మిల్లీలీటరుకు 5 మిల్లీలీటర్ల సెలైన్ కలిపితే 0.5 శాతం ద్రావణం 6 మిల్లీలీటర్లు వస్తుంది. టెట్రాడెసిల్ మరింత బలమైనది కనుక సాలెగూడు సిరలకు 0.1, 0.2 శాతం స్థాయిలో వాడతారు. 3 శాతం నుంచి 0.2 శాతానికి దించాలంటే 1 మిల్లీలీటరుకు 14 మిల్లీలీటర్ల సెలైన్ కలపాలి. ఈ లెక్కలో ఒక్క అడుగు తడబడితే, అదే సీసా, అదే పేరు, అదే కంపెనీ అయినప్పటికీ రోగి శరీరంలోకి వెళ్లేది వేరే మందుతో సమానం. అందువల్ల మందు పేరుతో పాటు ఎంత శాతం ఇచ్చారో కాగితం మీద రాయించుకోవాలని నేను ప్రతి ఒక్కరికీ చెబుతాను. సీసా తెరిచాక మిగిలిన మందును మరొకరి కోసం దాచడం కూడా సరికాదు.

ఇవి కాక 23.4 శాతం ఉప్పునీరు, గ్లిజరిన్ కూడా కొన్నిచోట్ల వాడుకలో ఉన్నాయి. గాఢమైన ఉప్పునీటికి అలర్జీ భయం ఉండదు, కాని ఎక్కించేటప్పుడు మంట, కండరం పట్టేయడం ఎక్కువ, బయటికి కారితే పుండు పడుతుంది. పోలిడోకనాల్‌నే మొలలకు కూడా ఇస్తారని తెలిసి, తన చీటీలో ఆ పేరు చూసి కంగారుపడిన ఒక పెద్దావిడకు నేను అరగంట సేపు వివరించవలసి వచ్చింది.

హరిణి
జూన్ 11

ఈ చర్చ ఏడాది క్రితం నా కంటపడి ఉంటే బాగుండేది. నా వయసు 31. మోకాలి వెనుక, తొడ మీద సన్నని ఎర్ర, నీలి గీతలుంటే ఒక సౌందర్య చికిత్సా కేంద్రంలో ఇంజక్షన్లు చేయించుకున్నాను. స్కాన్ అడగలేదు, అలర్జీల గురించి అడగలేదు, ఇచ్చిన మందు పేరు ఇప్పటికీ నాకు తెలియదు. బిల్లులో సిరల ప్యాకేజీ అని మాత్రమే ఉంది. కాలిని బిగించి పట్టే మేజోళ్లు అక్కర్లేదన్నారు, ఆ సాయంత్రమే వేడినీళ్ల స్నానం చేశాను.

మూడు వారాలకు గీతలు ఉన్నచోట గోధుమరంగు చారలు తేలాయి. వాటి పక్కనే ఇంతకుముందు లేని, ఇంకా సన్నని ఎర్రటి గుబురు పుట్టుకొచ్చింది. ఎనిమిది నెలలైంది. చారలు కొంత తగ్గాయి, గుబురు అలాగే ఉంది. అడిగితే మళ్లీ రెండు విడతలు చేయించుకోమంటున్నారు. పెళ్లిళ్లకు వెళ్లినప్పుడు చీర కుచ్చిళ్లు ఎక్కడ పైకి లేస్తాయోనని చూసుకుంటూ కూర్చోవడం ఎంత బాధగా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

శల్య
జూన్ 11

హరిణి గారూ, మీకు జరిగినది విని నిజంగా బాధగా ఉంది. దీనిలో మీ తప్పు ఏమీ లేదు. గోధుమరంగు చారలు సిర నుంచి బయటికి జారిన రక్తంలోని ఇనుము వల్ల వస్తాయి. మన చర్మఛాయలో అవి ఎక్కువగా కనబడతాయి, అయితే చాలామందిలో ఆరు నుంచి పన్నెండు నెలల్లో వాడిపోతాయి. మూసిన సిరలో రక్తం గట్టిగా, నొప్పిగా నిలిచిపోతే రెండు వారాల ప్రాంతంలో సన్నని సూదితో గుచ్చి ఆ నల్లటి ద్రవాన్ని పిండి తీసేస్తే చారలు బాగా తగ్గుతాయి. ఆ తిరుగు తనిఖీ మీకు దక్కలేదు.

ఎర్రటి గుబురు విషయం వేరు. చాలాసార్లు దానికి రక్తం అందిస్తున్న ఒక నీలి సిర కొంచెం లోతులో, మూయకుండా మిగిలిపోయి ఉంటుంది. మందు బలం, ఎక్కించిన ఒత్తిడి ఎక్కువైనా గుబురు వస్తుంది. ఇది కూడా నెలల మీద తనంతట తాను తగ్గే అవకాశం ఉంది. కాబట్టి అదేచోట మళ్లీ అదే ఇంజక్షన్ వెంటనే చేయించుకోకండి. ముందు ఆ పోషక సిర ఉందో లేదో చూపించుకోండి.

ఇక్కడ గౌతమి గారి ప్రశ్నకు కూడా జవాబుంది. డాప్లర్‌లో మనం చూసేది సిర ఆకారాన్ని మాత్రమే కాదు, రక్తం నడిచే దిశను. మనిషిని నిలబెట్టి, పిక్కను పిండి వదిలినప్పుడు రక్తం వెనక్కు జారడం అర సెకను కన్నా ఎక్కువసేపు సాగితే ఆ పై సిర కవాటాలు పాడైనట్టు లెక్క. పడుకోబెడితే ఈ జారుడు సరిగా బయటపడదు. చీలమండ నుంచి కాలి లోపలి వైపుగా గజ్జల దాకా వెళ్లే ప్రధాన పై సిర గ్రేట్ సఫీనస్‌లో లోపముండగా పిక్క మీది మెలికకు మాత్రమే ఇంజక్షన్ చేయడమంటే, పైన తూము తెరిచి ఉంచి కింద బోదెకు అడ్డుకట్ట వేయడమే. ఆరు నెలలకు పక్క నుంచి మరో సిర ఉబ్బుతుంది.

సందేహి
జూన్ 12

చిన్న సందేహం. తెలుగులో అందరం నరాలు ఉబ్బాయనే అంటాం. మా అమ్మగారిని ఇదే మాట పట్టుకుని రెండేళ్లు నరాల వైద్యుడి దగ్గర తిప్పాం. విటమిన్ ఇంజక్షన్లు, నరాల బలానికి మాత్రలు వాడాం. ఇప్పుడు ఇది వేరే విభాగమని తెలిసింది. ఆమెకు షుగర్ కూడా ఉంది. మేజోళ్లు వెంటనే కొనిపెట్టవచ్చునా?

శల్య
జూన్ 12

మీ అమ్మగారి వంటివారిని నేను వారానికి ఒకరినైనా చూస్తాను. మన వాడుకలో నరం అనే ఒక్క మాట స్పర్శను మోసే నాడికీ, రక్తాన్ని మోసే సిరకూ రెండింటికీ చెల్లుతోంది. ఆ ఒక్క మాట వల్ల కాలం, డబ్బు, ఆశ మూడూ ఖర్చవుతున్నాయి. వైద్యుడి దగ్గర రక్తం మోసే సిర అని చెబితే చాలు.

మేజోళ్లు మాత్రం ఇప్పుడే కొనవద్దు. షుగర్ ఉన్నవారిలో కాలికి రక్తం తెచ్చే ధమనులు సన్నబడి ఉండవచ్చు. అటువంటి కాలికి బిగుతు మేజోడు తొడిగితే ఉన్న రక్తం కూడా అందక హాని జరుగుతుంది. ముందు పాదం దగ్గర ధమని సరిగా కొట్టుకుంటోందో లేదో చూపించి, చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చే పరీక్ష చేయించండి. అది బాగుంటే కొలత ప్రకారం తీసుకోవచ్చు.

బస్సు దారి
జూన్ 13

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇంజక్షన్లు అందం కోసమనుకునేవారు నా మాట వినాలి.

ఉద్యోగంలో ఉండగానే కుడి చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి గట్టిపడింది. దురద పెడితే గోకాను, పుండైంది. షుగర్ పుండని ఒక ఆసుపత్రిలో 14 నెలలు కట్లు కట్టారు. నా షుగర్ అదుపులోనే ఉందని ఎన్నిసార్లు చెప్పినా వినిపించుకోలేదు. చివరకు మా అల్లుడు మరోచోటికి తీసుకువెళితే, నిలబెట్టి స్కాన్ చేసి, పుండుకు కారణం సిరేనని చూపించారు. లోపల ప్రధాన సిరను మూసి, పుండు కింద ఉన్న చిన్న సిరల్లోకి నురగ మందు ఎక్కించి, నాలుగు పొరల కట్టు కట్టారు. రెండు నెలలు తిరగకముందే పుండు మానింది. ఇప్పుడు ఉదయం మంచం దిగకముందే మేజోడు తొడుక్కుంటాను. ఆ నురగ మందు ఎలా పనిచేస్తుందో ఎవరైనా చెబుతారా? నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది.

మైన్ తీరం
జూన్ 13

బాబాయ్ గారూ, మీ పుండు మానిందని విని చాలా సంతోషం. నురగను నేనే రోజూ తయారుచేస్తాను కాబట్టి చెబుతాను.

ద్రవరూపంలోని మందును లావు సిరలోకి ఎక్కిస్తే రక్తంతో కలిసి పలుచబడిపోతుంది. నురగ అలా కలవదు. అది రక్తాన్ని ముందుకు నెట్టి, సిర గోడలను చుట్టూ తాకి కాసేపు అక్కడే నిలుస్తుంది. అందువల్ల తక్కువ మందుతో ఎక్కువ పని జరుగుతుంది, పైగా అల్ట్రాసౌండ్ తెరపై తెల్లగా మెరుస్తూ ఎంతవరకు వెళ్లిందో కనిపిస్తుంది. స్పెయిన్ వైద్యుడు హువాన్ కాబ్రేరా 1990ల్లో సూక్ష్మమైన నురగతో మంచి ఫలితాలు చూపించారు. ఇటలీకి చెందిన లొరెంజో టెస్సారి 2000 ప్రాంతంలో దాన్ని ఏ ఆసుపత్రిలోనైనా చేయగలిగేంత సులువు చేశారు. రెండు సిరంజిలను మూడు దారుల కుళాయితో కలిపి, ఒక వంతు మందును నాలుగు వంతుల గాలితో ఇటూ అటూ ఇరవై సార్లు నెడితే చిక్కని నురగ వస్తుంది. అది త్వరగా విడిపోతుంది కాబట్టి వెంటనే ఎక్కించాలి. 2013లో అమెరికా అనుమతించిన కంపెనీ తయారీ నురగలో గాలికి బదులు 65 వంతుల ఆక్సిజన్, 35 వంతుల కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. ఆ వాయువులు రక్తంలో త్వరగా కరిగిపోతాయి.

నురగకు సంబంధించిన జాగ్రత్త కూడా చెప్పాలి. పెద్దవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి గుండె పై గదుల మధ్య పుట్టుకతో వచ్చిన చిన్న సందు మూసుకోకుండా ఉంటుంది. బుడగలు దాని గుండా దాటితే కొంతమందికి కాసేపు చూపు మసకబారడం, మెరుపుల వంటివి కనబడటం, తలనొప్పి రావడం జరుగుతుంది. అరుదుగా పక్షవాతం వంటి తీవ్రమైన ఘటనలు కూడా నమోదయ్యాయి. అందుకే ఒక విడతలో 10 మిల్లీలీటర్లకు మించి నురగ ఇవ్వకపోవడం ఐరోపాలో ఆనవాయితీ. మైగ్రేన్ ఉన్నవారు ఆ విషయం తప్పక ముందే చెప్పాలి.

శల్య
జూన్ 14

బస్సు దారి గారి అనుభవానికి గట్టి ఆధారం ఉంది. సిరల పుండ్లున్న 450 మందితో బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. కట్లతో పాటు సిరను వెంటనే మూసినవారిలో పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టగా, ఆలస్యం చేసినవారిలో 82 రోజులు పట్టింది. అయితే గౌతమి గారు తెలుసుకోవలసిన మరో బ్రిటిష్ అధ్యయనం కూడా ఉంది. 798 మందిలో నురగను, లేజరును, శస్త్రచికిత్సను పోల్చి చూస్తే, అయిదేళ్ల తరువాత జీవన నాణ్యతలో నురగ మిగిలిన రెండింటి కన్నా వెనుకబడింది. అందుకే ప్రధాన సిర పాడైనప్పుడు వేడితో మూసే లేజరు లేదా రేడియో తరంగాల పద్ధతి మొదట, అది కుదరకపోతే నురగ, అదీ కుదరకపోతే శస్త్రచికిత్స అని బ్రిటన్ 2013 మార్గదర్శకాలు వరుస పెట్టాయి. కొమ్మ సిరలకు, సాలెగూడు సిరలకు, తిరిగి వచ్చిన సిరలకు మాత్రం ఇంజక్షన్ ఇప్పటికీ చక్కని సాధనం, దాన్ని నేను ఎంతో ఇష్టంగా వాడతాను.

ఈ ఇంజక్షన్ ఎవరికి ఇవ్వకూడదో కూడా చెప్పి తీరాలి. ఆ మందు పడనివారికి, లోతు సిరల్లో కొత్తగా గడ్డ కట్టినవారికి, పూర్తిగా మంచాన పడినవారికి ఇవ్వం. గర్భిణులను ఆగమంటాం, ఎందుకంటే గర్భంలో ఉబ్బిన సిరలు కాన్పు తరువాత కొన్ని నెలల్లో చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. ప్రాణాంతకమైన అలర్జీ అరుదే అయినా నమోదైంది, అందుచేత అటువంటి అలర్జీకి వెంటనే ఇచ్చే అడ్రినలిన్ మందు చేతికి అందేంత దూరంలో లేని గదిలో ఈ ఇంజక్షన్ చేయించుకోవద్దు. చీలమండ దగ్గర మందు పొరపాటున ధమనిలోకి వెళితే పాదానికే ముప్పు వస్తుంది, అక్కడ స్కాన్ చూస్తూ సూది వేయడం మంచిది. ఇంజక్షన్ తరువాత ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా మరుసటి రోజు దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గౌతమి
జూలై 27

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచారు, దానితో తీరిక లేకపోయింది. విశాఖపట్నంలో నిలబెట్టి డాప్లర్ చేయించుకున్నాను. శల్య గారు ఊహించినట్టే ఎడమ గ్రేట్ సఫీనస్ సిరలో గజ్జల నుంచి మోకాలి దాకా లోపం ఉంది, లోతు సిరలు బాగున్నాయి. జూన్ చివర్లో లేజరుతో దాన్ని మూసి, అదే రోజున పిక్క మీది మెలికలకు నురగ ఇచ్చారు. వెంటనే ఇరవై నిమిషాలు వరండాలో నడిపించారు. తొడ మీది సాలెగూడు సిరలకు మూడు వారాలు ఆగి ద్రవరూపంలో సన్నని సూదితో ఇచ్చారు. నొప్పి చీమ కుట్టినంతే. ఈ ఉక్కలో మేజోడు కష్టమే అయింది, కాని పగలంతా ఉంచుకున్నాను. రెండో వారంలో పిక్క మీద ఒకచోట గట్టిగా ఉంటే గుచ్చి నల్లటి రక్తం తీశారు. అక్కడ గోధుమరంగు మరక ఒకటి ఉంది. రాత్రుళ్లు పిక్క పట్టేయడం పూర్తిగా పోయింది.

బీమా సంస్థ లేజరుకు, నురగకు డబ్బు చెల్లించింది, సాలెగూడు సిరల ఖర్చు మాత్రం అందానికి సంబంధించినదని ఇవ్వలేదు.

హరిణి
జూలై 27

గౌతమి గారూ, ఏ మందు ఇచ్చారో కాగితం మీద రాసి ఇచ్చారా? నేను వచ్చే నెలలో ఒక రక్తనాళాల వైద్యురాలిని కలవబోతున్నాను. ఏమేమి అడగాలో రాసుకుంటున్నాను.

గౌతమి
జూలై 28

అడిగితే వెంటనే రాసి ఇచ్చారమ్మా, ఎందుకడుగుతున్నారని కూడా అనలేదు. చూసి రాస్తున్నాను: "ఎడమ పిక్క, పోలిడోకనాల్ 1 శాతం, 1.2 మిల్లీలీటర్లు, గాలితో నురగగా 6 మిల్లీలీటర్లు. ఎడమ తొడ, పోలిడోకనాల్ 0.5 శాతం, ద్రవం, మొత్తం 2 మిల్లీలీటర్లు. అలర్జీ లక్షణాలు లేవు." కింద తేదీ, సీసా బ్యాచ్ సంఖ్య, వైద్యుడి సంతకం ఉన్నాయి. మీరు కూడా ఇవన్నీ ఉండేలా అడిగి రాయించుకోండి. వెళ్లి వచ్చాక ఆమె గుబురు గురించి ఏమన్నారో ఇక్కడ తప్పక రాయండి.